గాలి అందరిదీ... మరి పడవ?

తప్పు చేసినవాళ్లే ఒప్పుకుని, తమ శిక్ష తామే వేసుకునే ఆట తెరచాప పడవల పందెం. నూరేళ్లకు పైగా పదునెక్కిన ఆ నియమాలు ఇప్పుడు టీవీ వేగానికి, కొత్త పడవలకు తగ్గట్టు మారుతున్నాయి. హైదరాబాద్ బస్తీల పిల్లలు హుస్సేన్ సాగర్‌లో ఆ పాఠం నేర్చుకున్నారు. కృష్ణా తీరం పిల్లలకు అది ఎప్పుడు అందుతుంది?

జులై నెలలో హుస్సేన్ సాగర్‌లో జరిగే తెరచాప పడవల పందేన్ని గట్టు మీద నిలబడి చూస్తే, కొత్తవాళ్లకు ఒక సంగతి అంతుపట్టదు. ముందు వరసలో దూసుకుపోతున్న పడవ ఒకటి ఉన్నట్టుండి పక్కకు తప్పుకుంటుంది. ఉన్నచోటే గిర్రున ఒక చుట్టు, వెంటనే ఇంకో చుట్టు తిరుగుతుంది. ఈలోగా మిగతా పడవలు దాన్ని దాటిపోతాయి. అప్పుడది మళ్లీ తెరచాప బిగించి, వెనకబడిన చోటు నుంచే పందెం అందుకుంటుంది. ఎవరూ ఈల వేసి చెప్పరు. పక్క పడవకు దారి ఇవ్వాల్సిన చోట ఇవ్వలేదని నడిపే పిల్లకు తెలుసు. ఆ తప్పుకు శిక్ష రెండు చుట్లు. అది తనకు తానే వేసుకుంటుంది.

క్రికెట్‌లో బ్యాటుకు బంతి తగిలిన సంగతి బ్యాటరుకు తెలిసినా, అంపైరు వేలెత్తేదాకా క్రీజులో నిలబడటం ఆటలో భాగమైపోయింది. సెయిలింగ్ పుస్తకం మొదటి పేజీలోనే దానికి ఎదురుమాట రాసి ఉంటుంది. నియమం తప్పినట్టు తెలిస్తే ఆటగాడు వెంటనే తగిన శిక్ష తీసుకోవాలి, అవసరమైతే పందెం నుంచే తప్పుకోవాలి. క్రీడాస్ఫూర్తికి మూలసూత్రం పేరుతో నియమాలన్నిటికంటే ముందే ఉంటుందీ మాట. కిలోమీటర్ల మేర పరుచుకున్న నీటి మీద, పదుల పడవలు ఒకేసారి కదిలే చోట ప్రతి పడవ వెనకా ఒక అంపైరును పెట్టడం అయ్యే పని కాదు. అందుకే ఈ ఆట మనిషి మాట మీద నిలబడింది. పడవలు మారినా, కెమెరాలు వచ్చినా, కోట్ల రూపాయలు చేరినా కాపాడుకోవాల్సిన ఆస్తి ఆ నమ్మకమే.

ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి?

ప్రపంచంలో ఏ నీటి మీద పందెం జరిగినా నియమావళి ఒకటే. దాన్ని రాసేది వరల్డ్ సెయిలింగ్ సంస్థ. 1907లో అంతర్జాతీయ యాట్ రేసింగ్ యూనియన్‌గా పుట్టి, 1996లో ఒకసారి, 2015లో ఇంకోసారి పేరు మార్చుకుంది. నాలుగేళ్లకోసారి, ఒలింపిక్స్ ముగిశాక నియమాలను సవరిస్తుంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2025–2028 కూర్పు.

పుస్తకం లావుగా కనిపించినా, పందెం నడిచేది నాలుగైదు నియమాల మీదే. ఎదురుగాలికి ఏ తెరచాప పడవా తిన్నగా పోలేదు. కాసేపు ఎడమకు, కాసేపు కుడికి ఏటవాలుగా మలుపులు తిరుగుతూ ఎగబాకాలి. అలా పోయేటప్పుడు రెండు పడవలు ఎదురుపడితే, గాలి కుడిపక్క నుంచి తగులుతున్న పడవది దారి. ఎడమపక్క నుంచి తగులుతున్నది తప్పుకోవాలి. రెండింటికీ గాలి ఒకే పక్క నుంచి తగులుతూ, అవి పక్కపక్కనే పోతుంటే, గాలి వచ్చే వైపున్నది తప్పుకోవాలి. గాలి ముందు దానికే అందుతుంది, రెండోదానికి అడ్డుపడే శక్తీ దానికే ఉంటుంది. బలమున్నవాడి మీదే బాధ్యత పెట్టిన నియమం అది. వెనక వచ్చే పడవ ముందున్నదాన్ని తాకకూడదు. దారి హక్కు ఉన్న పడవ కూడా, గుద్దుకునే ప్రమాదం కనిపిస్తే తప్పించుకోవాలి. హక్కు నాదేనని గుద్దేయడానికి వీల్లేదు.

నీళ్లలో లంగరు వేసి నిలబెట్టిన పెద్ద గాలి బుడగల చుట్టూ పందెం సాగుతుంది. వాటిని మార్కులంటారు. మార్కుకు మూడు పడవల పొడవు దూరంలోకి వచ్చేసరికి ఎవరు లోపలి వైపున ఉంటే వాళ్లకు తిరగడానికి చోటివ్వాలి. మార్కును తాకితే ఒక చుట్టు శిక్ష. ఇంకో పడవ దారికి అడ్డొస్తే రెండు చుట్లు. ఎవరికైనా గాయమైనా, పెద్ద నష్టం జరిగినా ఆ పందెం వదిలి వెళ్లిపోవాలి.

పక్క పడవ తప్పు చేసి కూడా చుట్లు తిరగకపోతే? అక్కడికక్కడే ‘ప్రొటెస్ట్’ అని గట్టిగా అరవాలి. పెద్ద పడవలైతే ఎర్రజెండా కూడా ఎత్తాలి. గట్టుకు చేరాక రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే జ్యూరీ విచారణ జరుపుతుంది. ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుంటాయి, సాక్షులు వస్తారు. బల్ల మీద బొమ్మ పడవలు పెట్టి, ఎవరు ఎక్కడున్నారో, గాలి ఎటునుంచి వీచిందో జరిపి చూపిస్తారు. పన్నెండేళ్ల పిల్లవాడైనా తన వాదన తానే వినిపించుకోవాలి. తప్పు తనది కాకుండా నష్టపోయినవాళ్లకు ఉపశమనం అడిగే హక్కు వేరే ఉంది. రెండు వైపులా విని తీర్పు చెప్పడం ఎలా ఉంటుందో ఒక పిల్లవాడు పాఠ్యపుస్తకంలో చదవక ముందే ఇక్కడ కళ్లారా చూస్తాడు.

ఒక్కచోట మాత్రం జ్యూరీ నేరుగా నీటి మీదకు వస్తుంది. పడవను నడపాల్సింది గాలి, నీరు మాత్రమే. ఒళ్లు ఊపుతూ, తెరచాపను పదేపదే లాగుతూ, చుక్కానిని తెడ్డులా ఆడిస్తూ వేగం పెంచుకోవడం నిషేధం. ఆ తప్పు చేస్తే జ్యూరీ పడవ ఈల వేసి, పసుపు జెండా చూపుతుంది. మొదటిసారి రెండు చుట్లు, రెండోసారి ఆ పందెం నుంచే ఔట్.

నియమం ఒప్పుకున్నదంతా న్యాయమేనా?

సెయిలింగ్‌లో మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు. అన్ని పందేలూ కలిపి తక్కువ పాయింట్లు వచ్చినవాళ్లే విజేత. ఒక చెడ్డ ఫలితాన్ని లెక్కలోంచి తీసేస్తారు. వారం రోజుల నిలకడను కొలిచే ఈ లెక్కలోంచే, ఆటను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే ఓ ప్రశ్న పుట్టింది.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో లేజర్ పడవల తరగతి చివరి పందెం. బ్రెజిల్ ఆటగాడు రాబర్ట్ షైట్ పాయింట్లలో ముందున్నాడు, బ్రిటన్ కుర్రాడు బెన్ ఐన్‌స్లీ వెనకే ఉన్నాడు. నల్లజెండా ఎగురుతోంది. అంటే సంకేతానికి ముందే గీత దాటినవాళ్లు నేరుగా అనర్హులు. షైట్ ముందే గీత దాటేశాడు, అతన్నే కనిపెట్టుకుని ఉన్న ఐన్‌స్లీ కూడా వెంట దాటాడు. ఇద్దరూ అనర్హులయ్యారు. దాంతో పాత పాయింట్లే ఖాయమై స్వర్ణం షైట్‌కు దక్కింది. నాలుగేళ్ల తర్వాత సిడ్నీలో ఐన్‌స్లీ బాకీ తీర్చుకున్నాడు. చివరి పందెంలో తాను గెలవడం మాట అటుంచి, షైట్‌ను గుంపు వెనక్కు నెట్టి పట్టి ఉంచాడు. ఆ పెనుగులాటలో షైట్ అనర్హుడై రజతంతో సరిపెట్టుకున్నాడు, ఐన్‌స్లీకి స్వర్ణం వచ్చింది.

పుస్తకం ఈ ఎత్తులను నేరమనలేదు. ఆటగాళ్లలో చాలామంది ఇద్దరినీ మెచ్చుకున్నారు, మనసు కలుక్కుమన్నవాళ్లూ లేకపోలేదు. ఇలాంటి సందర్భాల కోసమే నియమావళిలో ‘న్యాయంగా పోటీపడాలి’ అనే విడి నియమం ఉంది. దాన్ని ఉల్లంఘించి అనర్హత పడితే, ఆ ఫలితాన్ని చెడ్డ ఫలితం లెక్కలో వేసి తీసేసుకునే వీలు కూడా ఉండదు. ఎత్తుకు పైఎత్తు వేయొచ్చు, మోసం చేయకూడదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో ప్రతి తరం మళ్లీ తేల్చుకోవాల్సిందే.

పతకం కంటే ప్రాణం

నియమావళిలో అన్నిటికంటే ముందు వచ్చే నియమం గెలుపు గురించి మాట్లాడదు. ప్రమాదంలో ఉన్న ఎవరికైనా, ఏ పడవకైనా చేతనైనంత సాయం చేయాలంటుంది.

1988 సెప్టెంబరు 24న, సియోల్ ఒలింపిక్స్ సెయిలింగ్ పోటీలు జరిగిన బుసాన్ తీరంలో గాలి పెరిగి సముద్రం పోటెత్తింది. ఫిన్ తరగతిలో రెండో స్థానంలో ఉన్న కెనడా ఆటగాడు లారెన్స్ లెమ్యూకు, పక్కనే ఇంకో తరగతి పందెంలో బోల్తాపడిన సింగపూర్ పడవ కనిపించింది. ఇద్దరు మనుషులు నీళ్లలో ఉన్నారు. లెమ్యూ పందెం వదిలి అటు తిప్పాడు. వాళ్లను తన పడవలోకి లాగి, రక్షక పడవ వచ్చేదాకా ఆగాడు. తర్వాత పందెం పూర్తిచేశాడు గానీ అప్పటికి చాలామంది దాటిపోయారు. జ్యూరీ అతనికి ఆ పందెంలో రెండో స్థానాన్నే తిరిగిచ్చింది. మొత్తం మీద పతకం రాలేదు, 11వ స్థానంలో నిలిచాడు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అతన్ని ప్రత్యేకంగా గౌరవించింది.

ఈ సంప్రదాయం పాతబడలేదు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ రేసులో, 2022 నవంబరులో ఫిన్లాండ్ నావికుడు టాపియో లెహ్తినెన్ పడవ దక్షిణాఫ్రికాకు దూరంగా హిందూ మహాసముద్రంలో మునిగిపోయింది. అతను చిన్న రబ్బరు తెప్ప మీద చిక్కుకున్నాడు. దక్షిణాఫ్రికా నావికురాలు కిర్‌స్టెన్ నోయ్‌షేఫర్ దారి మళ్లించి వెళ్లి కాపాడారు. ఆమె పోగొట్టుకున్న కాలానికి నిర్వాహకులు 35 గంటలు, వాడిన ఇంధనానికి 30 లీటర్లు లెక్కగట్టి జమచేశారు. 2023 ఏప్రిల్‌లో ఆమే రేసు గెలిచారు. రెండో స్థానం మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీది. 2018లో ఇదే రేసులో తుపానుకు చిక్కి వెన్నెముక దెబ్బతిని, సముద్రం మధ్యలో రక్షించాల్సి వచ్చిన మనిషి, నాలుగేళ్లకు మళ్లీ అదే నీళ్లకు వెళ్లారు. సాయం చేసినవాళ్లు నష్టపోకూడదని నియమం హామీ ఇస్తేనే నావికుడు వెనకాముందూ చూడకుండా పడవ తిప్పుతాడు.

గోల్డెన్ గ్లోబ్‌ది ఇంకో ప్రత్యేకత. 1968 నాటి తొలి రేసులో ఉన్న సాధనాలతోనే నడవాలి. ఉపగ్రహం చూసి దారి తెలుసుకోకూడదు, సెక్స్‌టెంట్‌తో సూర్యుణ్నీ నక్షత్రాలనూ కొలుచుకుని కాగితం పటం మీద గీసుకోవాలి. ప్రపంచమంతా వేగం వైపు పరిగెడుతుంటే, డబ్బుతో కొనలేని నేర్పుకే పట్టం కట్టాలని ఈ రేసు గిరిగీసుకుంది. కొత్తదనాన్ని ఎక్కడ ఆపాలో తేల్చుకోవడం కూడా న్యాయంలో భాగమే.

టీవీకి తగ్గ ఆట

అమెరికాస్ కప్ కథ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. 1851 నుంచి నడుస్తున్న ఈ పోటీలో పడవ రూపకల్పన కూడా యుద్ధమే. 132 ఏళ్ల పాటు కప్పు అమెరికన్ల చేతుల్లోనే ఉంది. 1983లో రెక్కల లాంటి అడుగుభాగంతో వచ్చిన ఆస్ట్రేలియా–2 దాన్ని లాక్కుపోయింది. ఇవాళ్టి ఆ పడవలు నీటిని కోస్తూ పోవు, కింద అమర్చిన ఫాయిల్ రెక్కల మీద నీటి పైకి లేచి ఎగురుతాయి. 2013 నుంచి అంపైర్లు ఉపగ్రహ సమాచారాన్ని తెర మీద చూసి, సెంటీమీటర్ల లెక్కలో తీర్పు చెబుతున్నారు. అదే ఏడాది ఒరాకిల్ జట్టు, అంతకుముందు జరిగిన చిన్న పడవల పోటీల్లో నియమవిరుద్ధంగా బరువులు మార్చినందుకు రెండు పాయింట్ల శిక్ష మోసింది. సాంకేతికత ఎంత పెరిగితే దొంగదారులకు అంత వీలు పెరుగుతుంది, పట్టుకునే కళ్లూ అంత పెరగాలి.

ఒలింపిక్స్‌లో మార్పు సామాన్య ఆటగాళ్లను నేరుగా తాకింది. మంచి మార్పుతోనే మొదలుపెడదాం. 1900లోనే ఎలెన్ ద పూర్తలెస్ సెయిలింగ్ స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నా, మహిళలకు విడిగా ఒక పోటీ పెట్టడానికి 1988 దాకా పట్టింది. 2024 పారిస్ క్రీడల్లో, మార్సెయ్ తీరాన జరిగిన పది పోటీల్లో నాలుగు పురుషులవి, నాలుగు మహిళలవి, రెండు ఇద్దరూ కలిసి నడిపేవి. సమానత్వం లెక్కల్లోకి వచ్చింది. దానికి మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. బరువైన శరీరం ఉన్న పురుషులకు ఆసరాగా ఉన్న ఫిన్ తరగతిని టోక్యో తర్వాత తీసేశారు.

పారిస్‌లోనే ఇంకో మార్పు మీద గట్టి చర్చ రేగింది. ఫాయిల్ మీద ఎగిరే విండ్‌సర్ఫింగ్‌లో, వారం రోజుల పాయింట్ల తర్వాత క్వార్టర్‌ఫైనల్, సెమీఫైనల్, ఫైనల్ పెట్టి, ఒక్క పందెంతో పతకాలు తేల్చే పద్ధతి తెచ్చారు. చూసేవాళ్లకు ఎవరు గెలుస్తున్నారో వెంటనే అర్థమవుతుంది. బ్రిటన్ క్రీడాకారిణి ఎమ్మా విల్సన్ వారమంతా మిగతావాళ్లకు అందనంత దూరంలో నిలిచి నేరుగా ఫైనల్ చేరింది. ఆ ఒక్క పందెంలో మూడో స్థానంలో వచ్చి కాంస్యంతో సరిపెట్టుకుంది. స్వర్ణం ఇటలీకి చెందిన మార్తా మాజెట్టికి వెళ్లింది. మాజెట్టి ఏ తప్పూ చేయలేదు, నియమం ముందే అందరికీ తెలుసు. అయినా గాలి లాంటి నిలకడ లేని వస్తువు మీద ఆధారపడే ఆటలో, వారం కష్టాన్ని కొన్ని నిమిషాల్లో తుడిచేయడం సబబేనా? నా అభిప్రాయంలో సబబు కాదు. చివరి పందేనికి రెట్టింపు పాయింట్లు ఇచ్చే పాత పద్ధతి ఉత్కంఠనూ ఉంచుతుంది, వారం శ్రమనూ లెక్కలో ఉంచుతుంది. ఆట చూసేవాళ్ల కోసం మారొచ్చు. ఆడేవాళ్ల శ్రమను చెరిపేసేంతగా మారకూడదు.

మార్పు అంటే ఏమిటో నాట్యానికి పుట్టిల్లయిన కూచిపూడి ఊరికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కుతుబ్‌షాహీల్లో ఆఖరివాడు తానీషా భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకునే ఈ ఊళ్లో, తరాల పాటు వేషం కట్టింది మగవాళ్లే. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ అనేంతగా స్త్రీవేషం వెలిగింది. గత శతాబ్దంలో ఆడపిల్లలు గజ్జెకట్టారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరినో తీర్చిదిద్దారు. ఎవరు ఆడాలన్నది మారింది. అడుగు, తాళం, అభినయం విషయంలో మాత్రం ఎవరికీ సడలింపు ఇవ్వలేదు. సెయిలింగ్ పట్టాల్సిన దారీ అదే. తలుపు అందరికీ తెరవాలి, లోపలి క్రమశిక్షణను వదలకూడదు.

ఒకే అచ్చులో పోసిన పడవలు

పందెంలో న్యాయానికి రెండో పునాది పడవ. ఒకరి పడవ తేలికగా, ఇంకొకరిది బరువుగా ఉంటే నేర్పుకు విలువేముంది? అందుకే అందరికీ ఒకే కొలత, ఒకే బరువు, ఒకే తెరచాప ఉండే తరగతులు పుట్టాయి.

వాటిలో పిల్లల పడవ ఆప్టిమిస్ట్ పుట్టుకే ఒక ఆదర్శం. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం క్లియర్‌వాటర్ పట్టణంలో, మామూలు ఇళ్ల పిల్లలకు అందుబాటులో ఉండే పడవ కావాలని అడిగితే క్లార్క్ మిల్స్ దాన్ని గీశాడు. ప్లైవుడ్ పలకలతో, 50 డాలర్ల లోపు ఖర్చుతో తయారయ్యేలా రూపొందించాడు. ఏడున్నర అడుగులు దాటిన పొడవు, 35 కిలోల బరువు. పదిహేనేళ్ల లోపు పిల్లలు ఒంటరిగా నడుపుతారు. ప్రపంచం నలుమూలలా పిల్లలు మొదట ఎక్కేది దాన్నే.

కాస్త ఎదిగాక వచ్చేది లేజర్, ఇప్పటి పేరు ఐఎల్‌సీఏ. బ్రూస్ కిర్బీ రూపొందించిన ఈ పడవలు ఇప్పటికి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. పడవ ఒకటే, తెరచాప మూడు కొలతల్లో దొరుకుతుంది. 4.7 చదరపు మీటర్లది తేలికపాటి పిల్లలకు, 5.76 చదరపు మీటర్లది మహిళల ఒలింపిక్ పోటీకి, 7.06 చదరపు మీటర్లది పురుషులకు. ఒలింపిక్స్‌లో ఈ తరగతికి నిర్వాహకులే కొత్త పడవలు తెచ్చి పంచుతారు. సంపన్న దేశానికైనా, ఒక్కరినే పంపిన దేశానికైనా అదే పడవ.

నీటి మీద ఇంత సమానత్వం చూసి మురిసిపోయే ముందు, నీటి దాకా చేరడంలో ఉన్న అసమానత్వాన్ని చూడాలి. పడవ, తెరచాప, లైఫ్ జాకెట్, కోచ్, వెంట నడిచే రక్షక మోటారు బోటు, పోటీలకు పడవను లారీలో పంపే ఖర్చు. వీటన్నిటినీ దాటితే తప్ప ఏ పిల్లా ప్రారంభ గీత దగ్గరికి రాలేదు. మనదేశంలో చాలాకాలం ఈ ఆట సైనికుల శిబిరాలకు, పెద్దింటి క్లబ్బులకు పరిమితమైంది అందుకే.

హుస్సేన్ సాగర్ చూపిన దారి

1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్‌ను ఏళ్లుగా నిలబెట్టింది సికింద్రాబాద్‌లోని సైన్యం. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ నడిపే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు దేశం నలుమూలల నుంచి లేజర్ పడవల ఆటగాళ్లు వస్తారు. వానాకాలంలో ఇక్కడి గాలి బలంగా ఉంటుంది, నిలకడ మాత్రం ఉండదు. చుట్టూ మేడలు, మధ్యలో 1992లో నిలబెట్టిన బుద్ధ విగ్రహం. గాలి వాటిని తాకి దిక్కులు మార్చుకుంటుంది. ఇలాంటి చోట నేర్చుకున్నవాళ్లకు గాలి మనసు చదవడం అలవడుతుంది.

2009లో సుహేమ్ షేక్ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ స్థాపించారు. రసూల్‌పురా లాంటి బస్తీల పిల్లలను, సర్కారు బడుల పిల్లలను ఈ క్లబ్ నీటి మీదకు తెచ్చింది. పడవ, శిక్షణ, పోటీల ఖర్చు క్లబ్బే చూసుకుంది. తెరచాప అనే మాటే ఇంట్లో వినని పిల్లలు జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. ఇక్కడ ఓనమాలు దిద్దుకున్న కొంగర ప్రీతి, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ 470 తరగతిలో సుధాంశు శేఖర్‌తో కలిసి భారత్ తరఫున పోటీపడింది. క్లబ్బు ఏటా నిర్వహించే మాన్సూన్ రెగట్టా దేశంలో పిల్లల సెయిలింగ్‌కు ముఖ్యమైన పోటీల్లో ఒకటిగా ఎదిగింది.

హాంగ్‌ఝౌలోనే మధ్యప్రదేశ్ రైతు బిడ్డ నేహా ఠాకూర్ చిన్న తెరచాప తరగతి ఐఎల్‌సీఏ–4లో రజతం గెలిచింది. ఆమె నేర్చుకున్నది భోపాల్ చెరువులో. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో ప్రభుత్వం పూనుకుంటే ఆసియా పతకం వచ్చింది. అదే క్రీడల్లో విష్ణు శరవణన్, ఎబాద్ అలీ కాంస్యాలు తెచ్చారు.

తెలుగు ఆడపిల్లలకు సముద్రం కొత్తది కాదనడానికి ఐఎన్‌ఎస్‌వీ తారిణి సాక్ష్యం. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, 2018 మే 21న తిరిగొచ్చిన ఆ తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ప్రపంచాన్ని చుట్టొచ్చారు. వాళ్లలో ఇద్దరు మనవాళ్లు. విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య.

ఇక కృష్ణమ్మ సంగతి

మన దగ్గర ఏం తక్కువ? విజయవాడలో, 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ వెనక మూడు టీఎంసీల నీరు నిలుస్తుంది. మధ్యలో భవానీ ద్వీపం. కిందికొస్తే పులిగడ్డ దగ్గర నది చీలి దివిసీమను ఒళ్లో పెట్టుకుంటుంది. నాగాయలంక, హంసలదీవి, బందరు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి వెయ్యి కిలోమీటర్లు దాటిన తీరం. రోడ్లు రాకముందు బందరు కాలువ మీద ధాన్యం పడవలు తెరచాప ఎత్తో, గట్టు మీద నుంచి తాడు లాగుకునో నడిచాయి. పడవ ముందుభాగం అణియం ఏది, వెనకభాగం అమరం ఏది అని చెప్పగల జాలరి కుటుంబాలు గిలకలదిండిలో, నాగాయలంకలో ఇప్పటికీ ఉన్నాయి. గాలి ఎప్పుడు తిరుగుతుందో వాళ్ల తాతలు మబ్బు చూసి చెప్పేవారు.

2018 నవంబరులో ఇదే కృష్ణ మీద ఎఫ్1హెచ్2ఓ మోటారు పడవల ప్రపంచ పోటీ జరిగింది. ఒక జట్టుకు అమరావతి పేరూ పెట్టారు. జనం ఘాట్లకు తరలివచ్చారు, మూడు రోజులు హోరెత్తింది. తర్వాత ఆ పడవలు వచ్చిన దారినే పోయాయి. ఆ సందడి నుంచి ఈ తీరం పిల్లల చేతికి ఒక్క పడవా రాలేదు. నాగాయలంకలో జలక్రీడల అకాడమీ మాట ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. పెద్ద పండగ చేయడం తేలిక. ఊరి పిల్లలు రోజూ దిగి నేర్చుకునే రేవు కట్టడమే కష్టం, అదే అవసరం.

ఈ నది మనకు నేర్పిన చేదు పాఠం కూడా ఒకటుంది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం సమీపంలో పర్యాటక పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని పడవ, ఎక్కాల్సినవాళ్లకంటే ఎక్కువ మంది, ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. నియమాలు లేక జరిగిన ఘోరం కాదది. ఉన్న నియమాన్ని నాది అనుకునేవాళ్లు లేక జరిగింది. సెయిలింగ్ నియమావళి ఈ విషయంలో ఎంత కఠినమో చూడండి. వాతావరణానికి తగిన లైఫ్ జాకెట్ వేసుకునే బాధ్యత ప్రతి ఆటగాడిదీ. ఈరోజు పందెంలో దిగాలా వద్దా అన్న నిర్ణయం పూర్తిగా పడవ నడిపేవాళ్లదే, నెపం ఇంకెవరి మీదా పెట్టడానికి లేదు. పదేళ్ల వయసులో ఈ మాట ఒంటపట్టిన పిల్ల రేపు పడవ యజమాని అయినా, అధికారి అయినా, ప్రయాణికురాలైనా జాకెట్ లేకుండా పడవ కదలనివ్వదు.

చేయాల్సిన పనులు

మొదట కావాల్సింది రుతువు తెలిసిన మంచి ప్రణాళిక. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద నదిలో పిల్లల్ని దింపకూడదు. వరద తగ్గి బ్యారేజీ వెనక నీరు నిలిచాక, శీతాకాలపు ఈశాన్య గాలిలో, వేసవి సాయంత్రాల పైరగాలిలో శిక్షణ నడపొచ్చు. ఒక డజను ఆప్టిమిస్ట్ పడవలు, రెండు రక్షక మోటారు బోట్లు, ముందుగా ఈత పరీక్ష. ఇంతటితో ఒక బడి మొదలవుతుంది. పడవలు ప్రభుత్వానివో, స్థానిక సంస్థవో కావాలి. అవి ఒక ఇంటి సొత్తుగా మారిన రోజు ఆట మళ్లీ పెద్దింటికే పోతుంది.

రెండోది మనుషులు. హుస్సేన్ సాగర్‌లో పెరిగిన తొలి తరం పిల్లలు ఇప్పుడు కోచ్‌లు కాగల వయసుకొచ్చారు. వాళ్లను నాగాయలంకకు, భవానీ ద్వీపానికి రప్పించాలి. జాలరి కుటుంబాల పిల్లలకు మొదటి వరసలో చోటివ్వాలి. తరతరాలుగా నీటిని నమ్ముకున్నవాళ్ల ఇంటి అనుభవం ఈ ఆటకు దొరికే అతిపెద్ద పెట్టుబడి.

మూడోది నియమావళి. అది తెలుగులో, బొమ్మలతో, ఆరో తరగతి పిల్లలు చదువుకునేలా ప్రతి రేవులో ఉండాలి. విచారణలు కూడా తెలుగులో జరగాలి. ఇంగ్లిష్ రాకపోవడం వల్ల తన వాదన చెప్పుకోలేని పిల్లకు ఎంత గొప్ప నియమమూ న్యాయం చేయలేదు.

వరల్డ్ సెయిలింగ్ తన వంతుగా చాలా మార్చింది. మహిళలకు సగం చోటిచ్చింది, విచారణ నియమాలను 2025 కూర్పులో కొత్తగా అమర్చింది. ప్రారంభ గీత దగ్గర న్యాయం అక్కడితో సరిపోవచ్చు. ఆ గీత దాకా పిల్లల్ని తీసుకురావడం మాత్రం ఏ అంతర్జాతీయ సంస్థా మన తరఫున చేయదు, అది మన పంచాయతీల పని, మన క్రీడా శాఖ పని, నదిని మనదని చెప్పుకునే మనందరి పని. హైదరాబాద్ ఒక చెరువుతో చేసి చూపించింది, భోపాల్ ఇంకో చెరువుతో చేసింది. నది, సముద్రం రెండూ ఉన్న కృష్ణా జిల్లా వచ్చే వరద తగ్గేనాటికి పని మొదలుపెట్టాలి. ఈ తీరపు పిల్లలకు అది న్యాయంగా రావాల్సిన వాటా.